తివాచీలో పచ్చి వేపాకు

తివాచీ తడిస్తే ఎంత బరువెక్కుతుందో దాన్ని ఏట్లోంచి గట్టుకి ఈడ్చినవాళ్ళకే తెలుస్తుంది. ఇప్పుడు మీకు మిషన్లున్నాయి. దుమ్ము పీల్చే గొట్టాలున్నాయి. ఇంటికొచ్చి, నేలమీద పరిచింది పరిచినట్టే నురగ చల్లి, తుడిచేసి వెళ్ళిపోతున్నారు. సంతోషం. మొన్న మా వీధిలో ఒక అమ్మాయి అలాంటి కొట్టే తెరుస్తూ నన్ను పిలిచింది. "మామ్మగారూ, ఈ పనిలో మీరు ముందువాళ్ళట కదా, మాకో మాట చెప్పండి" అని మైకు చేతికిచ్చింది. ఎవరి గడప ఎక్కినా ముందు ఆ ఇంట్లో జబ్బు ఉందా అని అడగండి, ఆ తరవాతే తివాచీ ముట్టుకోండి అన్నాను. అందరూ నవ్వారు. పెద్దావిడ ఏదో చాదస్తంగా మాట్లాడిందనుకున్నారు. తాంబూలం తీసుకుని వచ్చేశానుగానీ ఆ నవ్వు నాకు మింగుడుపడలేదు. అందుకే ఇది రాస్తున్నాను. చదివాక కూడా నవ్వొస్తే నవ్వుకోండి, మీ ఇష్టం.

ఒరిస్సా వేరే రాష్ట్రమైన ఏడాదే నేను పుట్టానని మా అమ్మ అనేది. మా తాతలు శ్రీకాకుళం వైపు పల్లె నుంచి గుణుపూర్ పక్కకి వచ్చి పొలం చేసుకున్నవాళ్ళు. నన్ను రాయగడలో ఇచ్చారు. మా ఆయన అక్కడ ఒక సావుకారు హోల్‌సేలు కొట్లో గుమస్తా. కాపురానికి వచ్చిన కొన్నాళ్ళకి మా ఆయన అక్క, ఆయన పిలుపులో అప్ప, మా ఇంటికి వచ్చింది. భర్త పోయాడు, పిల్లల్లేరు, అత్తారింట్లో అన్నంతో పాటు పది మాటలు కలిపి పెట్టేవారట. ఒకరోజు ఆ కంచం అలాగే వదిలేసి, రైలెక్కి వచ్చేసింది. నాకు ఆమె వదిన.

వదిన అంటే మీరు ఏ మూలో కూర్చుని కళ్ళు ఒత్తుకునే మనిషిని ఊహించుకోకండి. ఆరడుగులుండేది. మాట్లాడితే వీధి చివరికి వినబడేది. వచ్చిన మర్నాడే మా ఆయనతో అంది: "ఒరే, తమ్ముడింట తింటన్నానని ఊరు అనకూడదు. నా సేతులు బాగున్నాయి. ఏదో పని సూపెట్టు."

పని దానంతటదే వచ్చింది. సావుకారు ఇంట్లో ఏదో శుభకార్యం జరుగుతుంటే పందిరి మీద వాన కుండపోతగా కురిసింది. భోజనాల్లో పరిచిన జంపఖానాలు బురదా, పప్పూ, నెయ్యీ కలిసి ముద్దయిపోయాయి. చాకళ్ళు మావల్ల కాదన్నారు. పాపం, వాళ్ళదీ తప్పు కాదు, తడిసిన జంపఖానా ఒక్క మనిషి బండకేసి బాదే వస్తువు కాదు. పశువుల కింద పరిచెయ్యమన్నాడు సావుకారు. మా ఆయన ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే వదిన లేచి నిలబడింది.

"ఓలమ్మో! అంత సరుకు గొడ్ల కింద ఏస్తారేటి? బండి కట్టించి ఏటికి తోలించు. నానూ అమ్మీ సూసుకుంతాం."

అమ్మి అంటే నేను. చివరిదాకా నన్ను అలాగే పిలిచింది. నాగావళిలో, రాళ్ళ మధ్య మోకాలిలోతు నీళ్ళలో, కుంకుడు రసం పోసి కాళ్ళతో తొక్కి తొక్కి ఉతికాం. సాయంత్రానికి నా నడుం విరిగిపోయింది. జంపఖానాల రంగులు మాత్రం కొత్తవాటిలా బయటపడ్డాయి. సావుకారు భార్య వాటిని చూసి, ఇవి మావేనా అంది. ఆ ఒక్క మాట మా వ్యాపారానికి పెట్టుబడి.

ఆ తరవాత పెళ్ళిళ్ళ జంపఖానాలు వచ్చాయి. రైల్వే వాళ్ళవి, ఆఫీసర్ల బంగళాల నుంచి ఉన్ని తివాచీలు వచ్చాయి. పెరట్లో పాక వేయించుకున్నాం. సంతకి కాశీపూర్ కొండల నుంచి దిగే ఆడవాళ్ళు మాకోసమే కుంకుళ్ళు గంపలకెత్తి తెచ్చేవాళ్ళు. రైతులింటి ఆడవాళ్ళు ఊరి మురికి ఉతుకుతున్నారని మా వీధిలో మూతులు తిప్పారు. ఒకావిడ మొహం మీదే అనేసింది. వదిన చేతిలో దుమ్ము దులిపే కర్ర దించకుండానే సమాధానం చెప్పింది.

"మురికి ఆళ్ళది, కష్టం మాది. మజ్జన నీకేటి నొప్పి?"

పని మేం పంచుకున్నాం. దుమ్ము దులపడం వదినది. వెదురు దూలానికి తివాచీ వేలాడేసి, చీర బిగించి, కర్రతో కొట్టేది. ఉన్నిలో దిగిన దుమ్ము కొడితే తప్ప రాదు, అది పోకుండా తడిపితే బురదై కూర్చుంటుంది. ఆ దుమ్ములో మనిషి కనిపించేది కాదు. ముక్కుకి గుడ్డ కట్టుకో వదినా అంటే, ఊపిరాడదే అమ్మీ అని విదిలించి కొట్టేది. రంగు దిగుతుందో లేదో తడిగుడ్డతో చూడడం, రంగు నిలవడానికి ఉప్పునీళ్ళు పట్టించడం, కుంకుడు రసం కాయడం నావి.

ఇంకోటి చెప్పాలి. తివాచీ చుట్టి దాచేవాళ్ళు పురుగు పట్టకుండా లోపల వేపాకు వేస్తారు. మా దగ్గరికి వచ్చిన ఏ తివాచీ విప్పినా ఎండిన వేపాకు పొడి రాలేది. రాలకపోతేనే మాకు ఆశ్చర్యం. అందుకని వేపాకు చూసి మేం ఏనాడూ ఏమీ అనుకోలేదు.

ఒక ఏడు ఎండలు ముదిరేసరికి ఊళ్ళో అక్కడక్కడా అమ్మవారు పోసిందని గుసగుసలు మొదలయ్యాయి. గుసగుసలే. ఆ జబ్బుని పేరుపెట్టి పిలవకూడదు. గుమ్మానికి వేపమండ కడతారు, తాళింపు మానేస్తారు, చాకలికి బట్ట వెయ్యరు, పలకరించడానికి ఎవరూ వెళ్ళరు. నయమయ్యాక పసుపూ వేపాకూ వేసిన నీళ్ళు ఒకసారీ రెండుసార్లూ మూడుసార్లూ పోసి, చల్ది నైవేద్యం పెట్టి, తల్లిని సాగనంపుతారు. అంతటితో అయిపోయినట్టు లెక్క. మాకందరికీ అదే తెలుసు.

టీకాలవాళ్ళు మా వీధికి వచ్చారు. నాకు చిన్నప్పుడే బళ్ళో వేశారు, జబ్బ మీద మచ్చలున్నాయి. వదినకి లేదు. వాళ్ళ ఊళ్ళోకి టీకాలవాళ్ళొస్తే గడ్డిమేటు వెనక దాక్కునేదాన్నని నవ్వుతూ చెప్పేది. ఈసారి కూడా మూట నెత్తినెట్టుకుని ఏటికి పోయింది. నేను వెనకాల పడ్డాను.

"ఏసుకో వదినా, సిన్న గాటే."

"ఏసుకుంటే సెయ్యి వాస్తాది. పెళ్ళిళ్ళ రోజులు, కర్ర ఎవుళు పడతారు, నువ్వు పడతావా? పెళ్ళిళ్ళయినాక ఏసుకుంతాను."

అంతే. భయమూ కాదు, మూఢత్వమూ కాదు. పని ఉంది, అంతే. వ్యాపారం పెట్టినవాళ్ళెవరైనా అనే మాటే అది. మీరూ అంటారు.

ఇంజనీరుగారి బంగళా నుంచి పెద్ద ఎర్ర తివాచీ వచ్చింది ఆ రోజుల్లోనే. నౌకరు బండిలో తెచ్చి పడేసి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఇద్దరం విప్పాం. అక్కడక్కడా పసుపు మరకలు. వేపాకు రాలింది, అయితే పొడి కాదు. ఈనెలు ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి.

"సూడమ్మీ" అంది వదిన ముచ్చటపడిపోతూ, "పచ్చాకే ఏసేరు. మన కాడికి పంపడానికి కూడా పురుగు పట్టకూడదని ఎంత జాగర్తో! దొరల్లాటోళ్ళ పద్ధతే యేరు."

"మరి పసుపేటి వదినా?"

"పేరంటం సేసుంతారు. నీకన్నీ అనుమానాలే. సాయం పట్టు."

వేలాడేశాం. పొద్దెక్కేదాకా కొట్టింది. ఎంత దుమ్మో! ఆమె జుట్టంతా బూడిదరంగు అయిపోయింది. నా కుంకుళ్ళ గిన్నె దగ్గర కూర్చుని నేను ఆమెని చూసి నవ్వాను కూడా.

తరవాత సావుకారు ఇంటి పెళ్ళి జంపఖానాలు వచ్చాయి. కూతురి పెళ్ళి. విశాఖపట్నం నుంచి మగపెళ్ళివారు రైల్లో దిగుతారు, ఊరు ఊరంతా భోజనానికి వస్తుంది. ఉతికి, ఆరబెట్టి, మడతలు పెట్టి పాకలో పేర్చాం. ఎలకలు కొడతాయని వదిన వాటి మీదే పక్క వేసుకుని పడుకునేది. ఆ పని సరిగ్గా అయితే జిల్లాలో మా పేరు నిలబడిపోతుంది, ఇంకెవరి మొహమూ చూడక్కర్లేదు అని ఆమె ఆశ. నాకూ అదే ఆశ.

ఒక పొద్దున్న ఆమె లేవలేదు. నడుం నొప్పి అంది. కర్ర పట్టే మనిషికి నడుం నొప్పి వింతేముంది, కాపడం పెట్టాను. ఒళ్ళు పెనంలా కాలుతోంది. రెండు రోజులు ఆ జంపఖానాల మీదే దొర్లింది. మూడోనాడు జ్వరం తగ్గినట్టనిపించి కూర్చుంది. వెలుతురులో చూద్దును కదా, నుదుటి మీదా ముంజేతుల మీదా ఎర్రగా పొక్కులు.

నేను నోరు తెరవబోతే ఆమె చెయ్యెత్తింది.

"పేరెత్తకు. తల్లి వచ్చినాది. గుమ్మానికి ఏపమండ కట్టీ. తాలింపు ఎయ్యకు. ఎవుళికీ సెప్పకు."

ఇంట్లోకి తెచ్చి పడుకోబెట్టాను. వీధి చివర చెట్టు నుంచి మండలు విరిచి తెచ్చాను. పక్క మీద పసుపు చల్లి, లేత రెమ్మలు పరుస్తున్నాను. చేతిలో పచ్చి ఆకు. దుప్పటి మీద పసుపు మరక. అప్పుడు తట్టింది నాకు. ఆ ఎర్ర తివాచీలో మేం చూసింది ఇదే. ఎవరినో దాని మీద పడుకోబెట్టారు. మేం పురుగుల మందనుకున్నాం.

ఆ తరవాత రెండో ఆలోచన వచ్చింది, మొదటిదాని కన్నా చెడ్డది. వదిన జ్వరంతో దొర్లిన ఆ జంపఖానాల మీద రేపు ఊరంతా కూర్చుని భోంచేస్తుంది. చంకపిల్లలతో సహా.

వదినతో చెప్పాను. ఆమె కళ్ళు మూసుకునే వింది.

"ఇచ్చీ అమ్మీ. ఎండలో ఓసారి దులిపి ఇచ్చీ. మాట పోద్ది. మాట పోతే మనకేటి మిగులుతాది?"

ఆమె మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు. ఆమె గీసిన గీత నేనెప్పుడూ దాటలేదు. నీళ్ళు తాగించాను.

మర్నాడు పొద్దున్నే బండి వచ్చింది. ముందు మా ఆయన, వెనక సావుకారు బండివాడు. మా ఆయన మూడు రోజులుగా పెళ్ళింటి పనుల్లో కొట్లోనే పడుకుంటున్నాడు. గుమ్మానికి వేపమండ చూసి ఆగిపోయాడు.

"అప్పకా?" అన్నాడు.

తలూపాను. ఆయన మొహం పాలిపోయింది. తమ్ముడు కదా. అయినా మండ విప్పేసి గుమ్మం లోపలికి విసిరేశాడు.

"ముందు జంపఖానాలు ఎక్కించీ. ఆనక డాక్టర్ని తెస్తాను. బండోడికి తెలనీకు."

"ఇవ్వను."

"ఇవ్వవా? మగపెళ్ళోళ్ళు దిగిపోనారు! సావుకారు నన్ను నిలబెట్టి తోలు తీస్తాడే!"

"తియ్యనీ. అప్ప ఆటి మీదే పడుకున్నాది. పసిపిల్లల్ని దాని మీద ఎలా కూకోబెడతావు?"

"మెల్లగా మాటాడు!"

బండివాడు పాక దగ్గరికి వెళ్ళి అప్పుడే మొదటి మడత భుజానికెత్తుకున్నాడు. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకున్నాను. వీధిలోకి వచ్చి అరిచాను.

"దింపీ! మా ఇంట్లో మశూచి ఉన్నాది! ఆ జంపఖానాల నిండా అదే! ముట్టుకోకు!"

పేరుపెట్టి అన్నాను. మా ఆయన నా నోరు మూయబోయాడు, అయితే అప్పటికే అయిపోయింది. అరుగుల మీద ఆడవాళ్ళు లోపలికి పోయి తలుపులేసుకున్నారు. బండివాడు మడత పడేసి, ఎడ్లని అదిలించి పారిపోయాడు. కొట్లో ఉద్యోగం మీద ఆశ వదిలేసుకుని మా ఆయన వీధి మధ్య చతికిలబడ్డాడు. లోపల్నుంచి వదిన గొంతు వినపడలేదు. విందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

మధ్యాహ్నానికి శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఒడియా మనిషి, తెలుగు అంతంత మాత్రం. నా జబ్బ మీది మచ్చలు చూసి, నువ్వుండొచ్చు, ఆవిడకి నువ్వే చెయ్యాలి అన్నాడు. మా ఆయనకి అక్కడికక్కడే టీకా వేశాడు. ఎర్ర తివాచీ అప్పటికే బంగళాకి తిరిగి వెళ్ళిపోయింది, దాని సంగతి నేను చూస్తానన్నాడు. పాకలో ఉన్నవన్నీ ఏటి గట్టుకి మోయించి కిరసనాయిలు పోయించాడు. పెళ్ళి జంపఖానాలూ, రైల్వే వాళ్ళవీ, ఎవరెవరివో తివాచీలూ. వెదురు దూలం కూడా. వదిన కర్ర మాత్రం నేను ఇవ్వనన్నాను. ఆయన నా చేతిలోంచి లాక్కోలేదు. దాన్ని మరిగే నీళ్ళలో ముంచి నాకు తిరిగి ఇచ్చాడు.

ఉన్ని కాలిన కంపు ఊళ్ళోకి వచ్చింది. పెళ్ళివారు ఈతచాపల మీద కూర్చుని భోంచేశారట. ఆ భోజనాలకి వెళ్ళినవాళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు. అందుకని నాకెవరూ దండం పెట్టలేదు. రాని జబ్బుని ఎవరు లెక్కపెట్టుకుంటారు?

వదిన ఒళ్ళంతా పొక్కులు కలిసిపోయాయి. కళ్ళు తెరుచుకోలేదు. అరటాకు మీద పడుకోబెట్టి, మూలుగుతుంటే వేపమండతో విసిరేదాన్ని. అంత గొంతున్న మనిషి, దగ్గరికి చెవి పెడితేగాని వినబడేది కాదు. ఒక సాయంత్రం తెలివొచ్చి అడిగింది.

"అమ్మీ. పెళ్ళోళ్ళకి ఇచ్చేసినావా?"

"ఇచ్చేసేను వదినా."

"ఏటన్నారు?"

"ఇయి మావేనా అన్నారు. సావుకారమ్మ ముక్కు మీద ఏలెట్టుకున్నాది."

ఆమె పెదవులు కదిలాయి. "మరేటి!" అంది. గర్వం.

వీధిలో నిలబడి నిజం అరిచిన నోటితోనే ఆ అబద్ధం చెప్పాను. మళ్ళీ అదే సాయంత్రం వస్తే మళ్ళీ అదే చెబుతాను. రెండు రోజులకి పోయింది. పాడె మోసేవాళ్ళు దొరకలేదు. మా ఆయనా, ఇన్‌స్పెక్టరు పంపిన ఇద్దరు మనుషులూ, నాలుగో కొమ్ము నేనూ పట్టాం. ఆడది పట్టకూడదని చెప్పడానికైనా ఎవరూ తలుపు తియ్యలేదు.

తలుపులు తీశాక మాత్రం చెప్పడానికి చాలా ఉంది వాళ్ళకి. తల్లిని పేరుపెట్టి వీధిలో అరిచింది, తల్లి ఊరుకుంటుందా, ఆడపడుచుని నోటితో చంపేసింది అన్నారు. మా ఆయన ఉద్యోగం పోయింది. సావుకారు నాలుగు తిట్టినా బాధ లేకపోను. మా ఆయన కొట్టు మెట్లెక్కుతుంటే లోపలికి లేచి వెళ్ళిపోయాడట, అంతే.

బంగళాకి వెళ్ళాను, తిట్టడానికే. ఇంజనీరుగారి భార్య వరండాలోకి వచ్చింది. గోదావరి వైపు మనిషి. ఆవిడ వెనక స్తంభం పట్టుకుని చిన్నపిల్ల నిలబడింది, మొహం నిండా కొత్త గుంటలు.

"ఒక్క మాట సెప్పకపోనారా అమ్మా?" అన్నాను. "మా వదిన సచ్చిపోనాది."

ఆవిడ నిజంగా తెల్లబోయింది.

"అయ్యో, చెప్పకూడదు కదమ్మా! మూడు నీళ్ళూ పోసి, నైవేద్యం పెట్టి, సాగనంపాకే ఇచ్చాను. ఒక్కటీ తప్పలేదు. అంతా సవ్యంగా చేశాను."

నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆవిడ తల వంచుకుని పడింది. తిరిగొస్తుంటే దారిలో తెలిసింది, నేను తిట్టింది ఆవిడ ఒక్కదాన్నే కాదు. ఎవుళికీ సెప్పకు అని వదిన కూడా అంది కదా. మండ విప్పి లోపలికి విసిరిన మా ఆయన కూడా అదే చేశాడు కదా.

మేం కొరాపుట్ పోయాం. కొండమీది ఊరు, చలి, కొత్త ఆఫీసులు, ప్రతి బంగళాలోనూ తివాచీ. వదిన కర్ర పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ముక్కుకి గుడ్డ కట్టుకుని. గడప ముందు నిలబడి మొదట ఒకే మాట అడిగేదాన్ని: "ఇంట్లో మశూచి ఉన్నాదా అమ్మా?" కొందరు తలుపు వేసేవారు. కొందరు కుక్కని వదిలారు. పొద్దున్నే అపశకునం మాటలేమిటి అని ఒకావిడ చెంబుడు నీళ్ళు నా మొహాన కొట్టింది. మంచి పద్ధతిగా అడగవే అని మా ఆయన మొత్తుకునేవాడు. ఎలా అడిగినా వచ్చే జవాబు ఒకటే: లేదు. కోపంగా లేదు, నవ్వుతూ లేదు, దేవుడికి దండం పెట్టుకుంటూ లేదు. అందులో ఎన్ని నిజమో నాకెలా తెలుస్తుంది? మొహాలు చూసి, గుమ్మాలు చూసి, తాళింపు వాసన వస్తోందో లేదో ముక్కుతో చూసి తీసుకునేదాన్ని. అలా చాలా ఏళ్ళు గడిచాయి.

ఒక ఎండాకాలం గుమస్తాల క్వార్టర్స్‌లో ఒక తలుపు తట్టాను. పాత జంపఖానా ఉంది, రమ్మని వాళ్ళే కబురు పెట్టారు. తలుపు ఓరగా తెరుచుకుంది. చిన్న వయసు పిల్ల, చంకలో గుడ్డ చుట్టిన బిడ్డ, రేగిన జుట్టు. గుమ్మానికి మండ లేదు. అలవాటు కొద్దీ అడిగాను.

ఆ పిల్ల వీధి అటూ ఇటూ చూసింది.

"ఉన్నాది పిన్నీ. ఎవుళికీ సెప్పొద్దన్నారు. నువ్వు ముట్టుకోకు, ఎల్లిపో."

తలుపు వేసేసింది. నేను ఆ మెట్ల మీద కూలబడిపోయి, వదిన కర్ర ఒళ్ళో పెట్టుకుని, ఆమె పోయాక మొదటిసారి ఏడ్చాను.